ఆయన స్కోరు

“మీ పేరు మీద క్రెడిట్ స్కోరేమీ లేదాంటీ,” అన్నాడు ఇంటి లోన్లు ఇప్పించే మార్ట్‌గేజ్ బ్రోకర్ తారక్, కంప్యూటర్‌ని దమయంతి వైపు తిప్పుతూ.

ఆమె బ్యాగులోంచి క్రెడిట్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. “ఇదిగో, నా పేరే కదా! పద్నాలుగేళ్లు దీని బిల్లు నేనే కట్టా.”

“అకౌంటు రాఘవులు అంకుల్‌దాంటీ. మీది అదనపు కార్డు. మీరు కట్టినా స్కోరు ఆయనకే పెరుగుతుంది.”

“నాకు ఉద్యోగం ఉంది, డౌన్ పేమెంట్ ఉంది. అడిగేది చిన్న కాండో ఫ్లాటు బాబూ!”

“స్కోరు లేకుండా బ్యాంకు ఒప్పుకోదు. ముందు మీ పేరు మీద ఒక కార్డు తీసుకుని, రెండేళ్లు టైముకి కట్టండి. అప్పుడు మళ్లీ అప్లై చేద్దాం.”

భర్త రాఘవులు నుంచి విడిపోయాక ఆమె ఎటోబికోలో ఒక ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకు ఉంటోంది. ఇంకో రెండేళ్లు అక్కడే.

తారక్ ధైర్యం చెప్పబోయాడు. “కష్టమేం కాదాంటీ. పోయిన నెల అంకుల్‌కి ఓక్‌విల్‌లో ఇంటి లోన్ నేనే చేయించా. తొమ్మిది వందలకి ఎనిమిది వందల అరవై స్కోరు! ఒక్క నెల కూడా లేటు లేదు. ఎలా అంకుల్ అనడిగితే, ‘క్రమశిక్షణ బాబూ’ అన్నారు.”

దమయంతి ఫోను మోగింది. ప్రతి నెలా మోగేలా ఎప్పుడో తనే పెట్టుకున్న రిమైండర్: ‘ఆయన కార్డు బిల్లు. ఈరోజే ఆఖరు.’

“ఏంటాంటీ అది?”

“మీ అంకుల్ క్రమశిక్షణ,” అని దాన్ని డిలీట్ చేసి, ఆమె లేచింది.