బస్టాపులో తాబేలు

2025 జూలై ఆరు, ఆదివారం ఉదయం. స్థలం: అనకాపల్లి గవరపాలెంలో ఒక ఇంటి ముందుగది. హాజరైనవారు ముగ్గురు: ఆ ఇంటి యజమానురాలు రాజశ్రీ, నాలుగు నెలల క్రితం కన్నుమూసిన ఆమె భర్త నానాజీకి ఒకప్పటి భాగస్వామి దేవీప్రసాద్, ఒప్పందపత్రం రాసి తెచ్చిన ప్లీడరు త్రినాధరావు.

“నేను సంతకం పెట్టను,” అంది రాజశ్రీ.

త్రినాధరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “అమ్మా, గట్టు తగాదాలు సూసేను, గోడ తగాదాలు సూసేను. పీత బొమ్మ కోసం తగాదా నా సర్వీసులో ఇదే మొదలు. ఆయన సెప్పేది ఓసారి వినండి.”

“వినడానికేటుంది? మా ఆయన బతికున్నన్నాళ్ళూ ఈయన ఆ పీతని వెక్కిరించేరు. ఇప్పుడు అదే పీత కావలసొచ్చిందేటి ప్రసాద్‌గారికి?”

ఒకప్పుడు ఆమె అతణ్ణి ‘అన్నయ్యా’ అని పిలిచేది. దేవీప్రసాద్ తల దించుకున్నాడు.

అతడూ నానాజీ ‘బావా’ అంటే ‘బావా’ అనుకుంటూ, ఈ ఇంటి వెనకగదిలోనే పిల్లల కోసం ఒక యానిమేషన్ సీరియల్ తయారుచేశారు. మొదటి భాగం ప్రసారమైన రోజున టైటిల్ కార్డు మీద దేవీప్రసాద్ పేరొక్కటే ఉంది. ఛానల్‌వారు ఆ కార్డును ముందుగానే అతనికి చూపించారు. సవరించమని అతడు అడగలేదు. ఆనాటితో మాటలు ఆగిపోయాయి. తరువాత అతడు విశాఖపట్నం వెళ్ళి ‘తాబేలు తాసిల్దారు’ మొదలుపెట్టాడు. నానాజీ మరో ఛానల్‌కు ‘పీత ప్రెసిడెంటు’ తీశాడు. కథ, గొంతులు నానాజీవి. ఆఖరున బొమ్మలకు రంగులద్ది ఛానల్‌కు పంపే పని రాజశ్రీది.

“వెక్కిరింత కాదు చెల్లెమ్మా,” అన్నాడు దేవీప్రసాద్. “మేం మాటాడుకున్నది అలాగే.”

“ఏటి మాటాడుకున్నారు?”

“మా తాసిల్దారు ఆఫీసు గోడమీద ఒక బోర్డు పెట్టేను. ‘పీతలు నేరుగా నడిచి లోనికి రావలెను’ అని.”

త్రినాధరావు పకాలున నవ్వి, రాజశ్రీ ముఖం చూసి, ఆ నవ్వును దగ్గుగా మార్చుకున్నాడు.

“కొన్నాళ్ళకి పీత ప్రెసిడెంటులో, కథతో సంబంధం లేకుండా, వెనకాల బస్టాపులో గొడుగేసుకుని ఒక తాబేలు. ప్రతి భాగంలోనూ అక్కడే. బస్సు వత్తాది, పోతాది, అది ఎక్కదు. పోనుపోను దాని వీపుమీద నాచు కూడా పట్టింది. ఎవరది? నేనే! ఏ పనికీ వేళకి రానని బావ నన్ను తిట్టని రోజుందా? కడుపుబ్బ నవ్వేను. ఆ తరవాత ఏడుపొచ్చింది.”

“ఆ టైటిల్ కార్డు చూసిన రోజునుంచీ ఆయన టీవీలో ఏ సీరియలూ చూడలేదు,” అంది రాజశ్రీ. “తన సీరియల్ కూడా చూసుకోలేదు. మొదలవుతుందంటే లేచి వీధిలోకి పోయేవారు.”

“నీ ఎదట లేచి వెళ్ళుంటాడు. చూడకపోతే జవాబులెలా వచ్చేయి? నేను నా సీరియల్లో పీత డ్రైవర్ని పెట్టి, అడ్డంగా నడిచే బస్సొకటి పంపించేను. ఆ తరవాత బావ బస్టాపులో బోర్డు చూడాలి! ‘అడ్డంగా పోవు బస్సులు ఇచట ఆగవు.’ అంత చమత్కారం మా బావకి కాక ఇంకెవరికి వత్తాది?”

రాజశ్రీ కిటికీ వైపు చూసింది. “అన్ని మాటలాడుకున్నవారు ఇంటికి రావడానికేం? రైలెక్కితే గంట.”

ఆ ప్రశ్న కోసమే భయపడుతూ వచ్చినవాడిలా దేవీప్రసాద్ కుర్చీ అంచుకు జరిగాడు.

“బావ చివరి భాగంలో బస్టాపులో తాబేలు లేదు. దాని చోట పీతే కూర్చుంది. పక్కన రెండు గ్లాసుల టీ. పొగలొస్తున్నాయి. రమ్మంటున్నాడని నాకు తెలిసింది. ఆ పూటే బయలుదేరవలసింది. కాని బొమ్మకి బొమ్మతోనే జవాబివ్వాలనుకున్నాను. తాబేలుకి కొత్త చొక్కా తొడిగేను, చేతిలో బెల్లం పొట్లం పెట్టేను, బస్టాపు దారి పట్టించేను. ఒక భాగం తయారవడానికి మూణ్ణెల్లు పడతాది కదా. అది టీవీలోకి వచ్చేసరికి బావ లేడు. బావకి ఒంట్లో బాగులేదని నాకు ఒక్కరూ చెప్పలేదు చెల్లెమ్మా.”

త్రినాధరావు కాగితాన్ని బల్లమీద ముందుకు జరిపాడు.

“నా ఆఖరి భాగంలో తాబేలు ఆ బస్టాపుకి చేరుతుంది,” అన్నాడు దేవీప్రసాద్. “పక్కన పీత కూర్చుని ఉండాలి. అంతకుమించి నాకేం వద్దు. టైటిల్ కార్డుమీద బావ పేరొక్కటే. నా పేరు వేయను.”

“ఆ మాట ఇందులో రాసేరా?” అని ప్లీడరును అడిగింది రాజశ్రీ.

“రెండో పేరాలో రాసేనమ్మా. ‘పీత పాత్రకును, వెనుక దృశ్యములలోని సమస్త హాస్యమునకును నానాజీ ఒక్కరే కర్త.’ ఇంకొకరు వచ్చి నాదనడానికి సందు లేకుండా బిగించేను.”

రాజశ్రీ ఆ వాక్యాన్ని చదివింది. మళ్ళీ చదివింది. తరువాత కలం తీసుకుంది.

“ఒక్క మాట,” అన్నాడు దేవీప్రసాద్. “ఆ రెండో గ్లాసు నాకేనా?”

ఆమె అతని ముఖంలోకి సూటిగా చూసింది.

“మీకే, అన్నయ్యా.”

దేవీప్రసాద్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. “అయితే బావ నన్ను క్షమించేడు. నాకది చాలు.”

రాజశ్రీ సంతకం చేసింది. తన ప్రతిని నాలుగు మడతలు పెట్టి, వెనకగదిలోకి వెళ్ళి, తన సొరుగులో పెట్టి మూసింది.

బస్టాపులోని ఆ జవాబులన్నీ నానాజీకి తెలియకుండా ఆమె గీసినవి.