గీత దాటని కారు

కార్ల రేసు యానిమే ఒకటి, అదే జపాను కార్టూన్ సీరియల్, ఇప్పుడు ఇంటింటా ఉంది. చూసే మనిషి బతుకులో ఎంత ఎదిగితే తెర మీద వాళ్ల పేరున ఉన్న రేసర్ అంత ముందుకు పోతాడు. సామ్రాజ్యం యాభయ్యో ఏట ఈత నేర్చుకుంది. ఆమె రేసర్ రెండు కప్పులు గెలిచాడు. ఆమె భర్త కోటిలింగం తాలూకు రేసర్ మాత్రం నాలుగేళ్లుగా బయల్దేరే గీత మీదే కూర్చుని ఉన్నాడు.

కోటిలింగం లారీ డ్రైవరు. లారీలు వాటంతటవే నడుస్తున్నా సీట్లో మనిషి ఉండాలని రూలు. పొద్దున ఎక్కుతాడు, సాయంత్రం దిగుతాడు. అందులో బాధపడటానికి కూడా అతనికి ఏమీ కనిపించదు.

ఆ రోజు లారీకి కొత్త టైర్లు వేశారు. పాత అలవాటు కొద్దీ చక్రం ముందు నిమ్మకాయ పెట్టాడు.

"ముందు అడ్డం ఉంది" అని లారీ కదలనంది.

నిమ్మకాయ తీసేస్తే సరిపోయేది. అతనికి తీయబుద్ధి కాలేదు. స్టీరింగు తన చేతిలోకి తీసుకుని అడుగు దూరం నడిపాడు.

సాయంత్రం అన్నం వడ్డిస్తూ సామ్రాజ్యం తెర వైపు చూసి ఆగిపోయింది.

"నీ కారు గీత దాటిందేందయ్యా? అడుగు ముందుంది. ఇయ్యాల ఏం జేశావు?"

కోటిలింగం తలెత్తకుండానే అన్నం కలుపుకున్నాడు.

"నిమ్మకాయ తొక్కించా."