వెనక టైరు

సైకిలు వెనక చక్రం గాలి పోయి మళ్ళీ నేలకి అంటుకుపోయింది.

కూతురికి ఏడుపొక్కటే తక్కువ. ఇంకోసారి ఆలస్యమైతే గేటు దగ్గర్నుంచే ఇంటికి పంపిస్తానని బట్టల ఫ్యాక్టరీ సూపర్‌వైజరు నిన్ననే తెగేసి చెప్పాడు.

"నేనుండగా నీకెందుకమ్మా కంగారు?" అంటూ తండ్రి ఒంటి చెప్పుతో వీధిలోంచి వచ్చాడు. రెండోది ఎక్కడ జారిపోయిందో ఆయనకే తెలియదు.

సైకిలు మరమ్మతుల్లో తల పండిన మనిషి. ట్యూబు లాగి, బకెట్టు నీళ్ళలో ముంచి, బుడగలొచ్చిన చోట పట్టీ వేశాడు. టైరు లోపల వేలు పెట్టి చుట్టూ తిప్పాడు.

"ముల్లు లేదు, మేకు లేదు. నున్నగా ఉంది. ఎవరో గిట్టనివాళ్ళు పొడుస్తున్నారు."

ఆ గిట్టనివాళ్ళెవరా అని ఆమె వీధంతటినీ అనుమానించింది. ఎదురింటివాళ్ళతో మాటలు మానేసింది. ఆ సాయంత్రం సైకిలును ఏకంగా వంటింట్లో పెట్టింది.

"ఇక పొయ్యి వీధిలో పెట్టుకోనా?" అని తల్లి విసుక్కుంది. మరుగుతున్న గిన్నెను భర్త వట్టి చేతులతో దించుతుంటే మాత్రం, "అవి చేతులా, పట్టకార్లా?" అని నవ్వింది.

తెల్లారేసరికి మళ్ళీ గాలి లేదు. వేసిన తలుపులు వేసినట్టే ఉన్నాయి.

ఆమె సైకిలును నడిపించుకుంటూ వీధి చివరి షాపుకు తీసుకెళ్ళింది. షాపువాడు టైరులో వేలు పెట్టి, "అబ్బా!" అని చెయ్యి లాక్కున్నాడు.

"తీగముక్క ఇరుక్కుందమ్మా. ఎన్ని పట్టీలేసినా గుచ్చుతూనే ఉంటుంది. మీ నాన్న చెయ్యి పెట్టి చూశాడా? పసిపిల్లాడికైనా తెలుస్తుందే!"

అప్పుడే ఫ్యాక్టరీ కూత కూసింది. ఇక ఆ ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే.

ఆమెకు ఒళ్ళు మండింది. ఉద్యోగం వద్దు, ఇంట్లోనే కుట్టుకోమని మొదట్నుంచీ గోలపెట్టింది ఆయనే. కంచే చేను మేసిందన్నమాట!

"తీగ తియ్యకు, అలాగే ఉండనీ" అని టైరు విప్పించుకుంది. ఇంటికి తెచ్చి తండ్రి ముందు పడేసింది.

"నా కళ్ళెదుట చూడు నాన్నా. ఈసారి సరిగ్గా చూడు."

తండ్రి ముఖం చిన్నబోయింది. పీట లాక్కుని కూర్చుని, టైరు లోపల మెల్లగా వేలు తిప్పాడు. తీగ ఉన్న చోటు దాటాడు. ఆగలేదు. ఆమె పళ్ళు కొరుక్కుంది.

"నీ మీదొట్టమ్మా, ఏం లేదు, నున్నగా ఉంది" అంటూ ఆయన నవ్వుతూ పైకెత్తి చూపించిన వేలి నుంచి రక్తం ధారగా కారుతోంది.