లాభం తర్వాత

నయాపైసలొచ్చిన ఏడు, వ్యాపార నీతి మీద ఉపన్యాసానికి మా ప్రొద్దుటూరు కాలేజీకి ఒక వేరుశనగ వ్యాపారిని పిలిచారు. ఆయన కాలేజీ కమిటీ మెంబరు.

"కొలతలో మోసం తల్లికి ద్రోహం" అన్నాడు. చప్పట్లు మోగాయి.

నేను లేచి, సంచిలోని వేరుశనగ కాయలు బల్లమీద కుమ్మరించి శేరు ఆయన చేతికిచ్చాను.

"యాడివప్పా ఈ బుడ్డలు?"

"సింహాద్రిపురంలో మా నాయన పండిచ్చినేటివి. నీతిగా ఎట్ల కొలవాల్నో సూపీ సామీ!"

ఆయన నవ్వుతూ మొదటి శేరు పోసి "లాభం" అన్నాడు. కొలిచేటప్పుడు ఒకటి అనం, లాభం అంటాం. ఆ తర్వాత రెండు. ఆయన మాత్రం రెండో శేరు పోసి "ఒగటి" అన్నాడు; మొదటి శేరు లెక్కలోకే రాలేదు. రైతుల దగ్గర కొని కొని అలవాటైన నోరు! కరపత్రాల్లో చదివిన దోపిడీ నా కళ్లెదుటే పలికింది.

హాల్లో సగం రైతుబిడ్డలే. వెనక నుంచి ఎవడో అరిచాడు: "మామా, ఎవురికి లాభం?"

సాయంత్రానికి ప్రిన్సిపాల్ నోటీసు: క్షమాపణ రాసివ్వకుంటే పేరు కొట్టేస్తాం. ఆ కాగితం మీదే "రాయను" అని రాసిచ్చాను.

మరునాడు పోయి నా బెంచీలోనే కూర్చున్నాను. నీతి పాఠం చెప్పే ప్రేమానందం సారు హాజరుపట్టీ తెరిచాడు. ఇంకా పర్మనెంటు కాని ఉద్యోగం ఆయనది.

"ఒకటో నంబరును పిలవద్దన్నారు" అన్నాడు నెమ్మదిగా. ఒకటో నంబరు నాదే.

తలెత్తి గట్టిగా పిలిచాడు: "లాభం!"

"ప్రెజెంట్ సార్!" అన్నాను.

"రెండు" అన్నాడు సారు.