రేఖ కిటికీలు

శంషాబాద్‌లోని ఆ ఆఫీసులో ఇళ్ల నమూనాలు గీసేవాళ్లందరి డెస్క్‌టాప్‌లూ ఒకే సర్వర్ మీద నడుస్తాయి. ఆ రాత్రి, సర్వర్ చూసుకునే లక్ష్మణ్ దాని గ్రాఫిక్స్ కార్డును అందరికీ వాటాలు వేస్తున్నాడు. అందరూ వెళ్లిపోయినా ఒక వాటా వాడకంలోనే ఉంది.

పేరు చూశాడు. రేఖ.

పోయిన నెల హిమాయత్ సాగర్ దగ్గర యాక్సిడెంట్‌లో చనిపోయిన రేఖ. ఆమె ఖాతా తీసెయ్యడానికి అతనికి చేతులు రాలేదు.

"అనంతయ్యన్నా, పైన ఎవరన్న ఉన్నరా?" అని వాచ్‌మన్‌ని కేకేశాడు.

"ఎవ్వరు లేరు సార్. తాళమేసిన."

ఒకరి తెర చూడాలంటే వాళ్లు ఒప్పుకోవాలి. లక్ష్మణ్ తన కంప్యూటర్ నుంచి రేఖ ఖాతాను అనుమతి అడిగాడు. అవతల 'సరే' నొక్కారు.

రేఖ సగంలో వదిలేసిన ఇంటి నమూనాకి కిటికీలు ఒక్కొక్కటే మొలుస్తున్నాయి.

పైనుంచి వెళ్తున్న విమానం మోత సద్దుమణిగింది. అప్పుడు అతని తెర మీదే ఒక ప్రశ్న వచ్చింది: 'రేఖ మీ తెర చూడాలనుకుంటోంది. సరేనా?'

లక్ష్మణ్ మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. బాణం గుర్తు మెల్లగా 'సరే' వైపు కదిలింది.