ఎడమ రెక్క

“ఎడమ రెక్క లాగితే గేరు తగ్గుతదా, పెరుగుతదా?” రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, స్టీరింగు వెనకున్న రెక్కలాంటి గేరు మీటను వేలితో తడుముతూ అడిగింది లత.

“తగ్గుతది. కుడిది లాగితే పెరుగుతది. ఇప్పుడెందుకవి? ఆటోమేటిక్ బండి, సప్పుడు సెయ్యక పోనియ్యి,” వెనక సీట్లోంచి విసుక్కున్నాడు మురళీధర్.

అతని భుజం మీద తల్లి లక్ష్మీనర్సమ్మ తల ఆనించి పడుకుంది. గుండెకు స్టెంటు వేసి, ఆ ఉదయమే కోదాడ దవాఖాన నుంచి పంపించారు. ఆమె ఉలిక్కిపడితే, భయపడితే ప్రాణానికే ముప్పని డాక్టరు కొడుకునీ కోడలినీ పక్కకు పిలిచి మరీ చెప్పాడు. మిర్యాలగూడలో ఇంటికి చేర్చేదాకా మురళీధర్‌కు కుదురు లేదు. లతకేమో కొత్త కారు ముచ్చట. ఆటలకు సమయం సందర్భం ఉండొద్దూ?

“రెక్క లాగంగనే గేరు పడ్తదా?”

“అది స్విచ్చు అంతే. లాగితే కంప్యూటర్‌కు తెలుస్తది. క్లచ్ పనంతా అదే సూసుకుంటది.”

“ఒకటేసారి ఫస్టుకు తెస్తే?”

“స్పీడు మీదుంటే తీసుకోదు. ఒక్కొక్కటే దించాలె. జర నోరు మూసుకొని నడుపుతవా?”

లత ఎడమ రెక్క లాగింది. ఇంజను గుర్రుమంది. కారును ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టయింది. లక్ష్మీనర్సమ్మ కళ్లు తెరిచింది.

“ఏందిరా ఆ సప్పుడు?”

“నీ కోడలు బండి నేర్సుకుంటున్నదమ్మా.”

“నేర్సుకోనియ్యిరా. నువ్వు ఊకె గదమాయించకు,” అని మళ్లీ కళ్లు మూసుకుంది.

మురళీధర్‌కు ఒళ్లు మండింది. పక్కన సాగర్ కాల్వ, వెనక హారన్ కొడుతూ వడ్ల లారీ. ముందు రోడ్డు దిగుడుగా ఉంది. అక్కడ గొర్రెల మంద తీరుబడిగా రోడ్డు దాటుతోంది.

“లతా, గొర్లు. బ్రేకెయ్యి.”

“బ్రేకేస్తే అత్తమ్మ ముందుకు తూలుతది.” మళ్లీ ఎడమ రెక్క, ఇంకోసారి. ఇంజను మూలిగింది. చివరి గొర్రె తప్పుకున్నాక కారు పక్కనుంచి మెల్లగా సాగింది. కాపరి తిట్టుకున్నాడు. లారీ దాటిపోయింది.

కొంచెం ముందు, రైసుమిల్లు వైపు ఎత్తుగా పోయే మట్టిబాటలోకి కారు తిప్పింది లత. ఎత్తు ఎక్కుతూ ఎక్కుతూ కారు నీరసించింది. అప్పుడు హ్యాండ్‌బ్రేక్‌ను మెల్లగా, చప్పుడు కాకుండా పైకి లాగింది.

“గీడ ఎందుకాపినవ్?” పళ్లు కొరికాడు మురళీధర్.

“అత్తమ్మా, నీళ్లు తెస్త, నువ్వు పండుకో,” అంటూ లత దిగి, భర్తకు సైగ చేసింది.

అతను తల్లి తలకింద దిండు సర్ది, దిగి, తలుపు నెమ్మదిగా మూశాడు. “నీకేమన్న బుద్ధున్నదా? అమ్మ పానం మీదికొస్తే ఏం జేస్తుంటివి? నీ ఆటలకు...”

లత వీపంతా చెమటతో తడిసిపోయి ఉంది. కారులోకి ఒకసారి తొంగిచూసి, అత్త నిద్రపోతోందని నిర్ధారించుకుని, అతని చెవి దగ్గరగా వచ్చింది.

“నేనడిగేటప్పటికే బ్రేకులు పోయినయ్.”