నాలుగో వంతు మనసు

తాను వదిలిన నువ్వుల నీళ్లు నాన్నకు చేరుతున్నాయా అన్న అనుమానం కామేశాన్ని ఆరేళ్లుగా తొలుస్తోంది. అందరికీ ఉన్నట్టే అతని చెవి వెనకా అవధాని యంత్రం ఉంది. అది మనసును నాలుగు వంతులు చేస్తుంది. మూడు ఆఫీసువి, ఇంటికి ఒకటి. నాన్న పోయిననాడు దుఃఖం ఆ నాలుగో వంతులోనే ఇరుక్కుపోయి, కళ్లదాకా రాలేదు.

ఈ తద్దినానికి యంత్రం తీసేశాడు.

"ఏమండీ, ఉద్యోగం ఊడుతుంది!" అంది భార్య సుభాషిణి.

"ఊడనీవే."

పురోహితుడు శాస్త్రిగారు అతని బోసి చెవి చూసి నవ్వారు. "ఏం నాయనా, ఇవాళ మొత్తం నువ్వే వచ్చావా? తండ్రిగారి పేరు చెప్పు."

చెప్పబోతే పేరుకన్నా ముందు కన్నీళ్లు వచ్చాయి. ఉద్యోగం పోయిందన్న కబురు సుభాషిణి ఫోనుకు వచ్చేసింది. కామేశం మాత్రం ఆరేళ్లుగా తండ్రికి బాకీపడ్డ ఏడుపు ఏడుస్తున్నాడు.